సూర్యాపేట అంటే 1117

సూర్యాపేట పేరులో ఒక సంవత్సరం దాక్కుని ఉంది. స, ర్య, ప, ట. మన పాత సంగీత, జ్యోతిష గ్రంథాలు వాడిన కటపయాది పద్ధతిలో ఈ నాలుగింటికీ వరసగా 7, 1, 1, 1 అంకెలు వస్తాయి. ఆ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి తిరగేసి చదవాలి: 1117. ఇక ఊరి పక్కనే ఉన్న పిల్లలమర్రికి వెళ్తే, అక్కడి పాత శాసనాల్లో ఒకటి శక సంవత్సరం 1117 నాటిది. అంటే క్రీ.శ. 1195.

ఇందులో మహిమ ఏమీ లేదు. ఆ శాసనం చెక్కేనాటికి ఈ ఊరికి ఈ పేరు లేదు, పాత పేరు భానుపురి అంటారు. కాకతీయుల కాలానికి కుదిరిన కాకతాళీయం, అంతే. కానీ ఒకసారి ఆ లెక్క అలవాటైతే చెయ్యి ఊరుకోదు. చివ్వెంలకు 346 వస్తుంది. కోదాడకు 381. మిర్యాలగూడకు ఏకంగా 33315.

లెక్క తేలికే. క నుంచి ఝ వరకు 1 మొదలు 9, ట నుంచి ధ వరకు మళ్లీ 1 మొదలు 9, ప నుంచి మ వరకు 1 మొదలు 5, య నుంచి హ వరకు 1 మొదలు 8. ఞ, న, విడిగా వచ్చే అచ్చులు సున్నలు. జంట అక్షరంలో చివరి హల్లుకే విలువ. హల్లుకు అంటిన అచ్చుకు, నిండు సున్నకు విలువ లేదు కాబట్టి వాటిని ఎలాగైనా వాడుకోవచ్చు. అసలు సౌకర్యం అక్కడే ఉంది: అంకె స్థిరంగా ఉంటుంది, మాట మాత్రం నచ్చినట్టు అల్లుకోవచ్చు. సరళీ స్వరాలు నేర్చే పిల్లలు మొదట పాడే రాగం మాయామాళవగౌళ. మా 5, య 1. తిరగేస్తే అది 72 మేళకర్తల్లో 15వది. శంకరాభరణానికి ముందు ‘ధీర’ చేర్చింది ధైర్యం కోసం కాదు, 29 అనే అంకె రావడానికి. కల్యాణికి ‘మేచ’ తగిలించింది 65 కోసం. రోజూ పొద్దున్నే పాడుకునే పేర్లలో పట్టిక మొత్తం దాగి ఉందని చాలామంది విద్వాంసులకు తెలుసు, చాలామంది శ్రోతలకు తెలియదు.

దాచడంలో రెండు విద్యలున్నాయి. ఒకటి, రాత కనబడుతుంది కానీ అర్థం కాదు. రెండోది, అసలు అక్కడ రాత ఉందనే అనుమానం రాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢచారులు వార్తలు పంపుకునే సంజ్ఞాలిపి మొదటి రకం. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లోని మ్లేచ్ఛిత వికల్పం కూడా ఆ కోవదే. ఇలాంటి చీటీ శత్రువు చేతికి చిక్కితే చదవలేకపోవచ్చు. కానీ తెచ్చినవాణ్ని మాత్రం వదిలిపెట్టడు.

రెండో రకానికి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథలు ప్రపంచమంతా తిరిగాయి. హిస్టియేయస్ అనే పాలకుడు ఒక బానిస తల గొరిగించి, నెత్తి మీద వార్తను పచ్చబొట్టు పొడిపించి, జుట్టు పెరిగాక పంపించాడట. వార్త వెంట్రుకలు పెరిగినంత నిదానంగా నడిచిందన్నమాట. డెమరేటస్ అనే మరొకాయన మైనం పలక మీది మైనం గీకేసి, కింది చెక్క మీద రాసి, పైన మళ్లీ మైనం పోశాడు. చూసేవాళ్లకు అది ఖాళీ పలక.

ఈ రెండో విద్యను తెలుగు, సంస్కృత కవులు పద్యంలోకి తెచ్చారు. దానికి వాళ్లు పెట్టిన పేరు చిత్రకవిత్వం. పద్మం, చక్రం, ఖడ్గం, నాగుపాము, ఏదో ఒక బొమ్మ గీసి, దాని గళ్లలో పద్యం అక్షరాలు పరిస్తే బంధం అవుతుంది. పైకి అది మామూలు పద్యమే. బొమ్మలో కూర్చితేనే లోపలిది బయటపడుతుంది.

అన్నిటిలోకీ చక్రబంధం నిర్మాణం చూడవలసింది. శార్దూలవిక్రీడితంలో పాదానికి 19 అక్షరాలు. చక్రానికి ఆరు ఆకులు వేస్తే మూడు అడ్డుగీతలవుతాయి. మొదటి మూడు పాదాలూ ఆ మూడు గీతల మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తాయి. ప్రతి గీతలోనూ ఇటు తొమ్మిది, అటు తొమ్మిది, నడుమ ఇరుసులో ఒకటి. అంటే మూడు పాదాల్లోనూ పదో అక్షరం ఒకటే కావాలి. నాలుగో పాదం చక్రం అంచు చుట్టూ తిరుగుతుంది. ఆకుల కొనల్లో ఉన్న ఆరు అక్షరాలను తాకుతూ, మధ్య మధ్య రెండేసి కొత్త అక్షరాలు కలుపుకుంటూ, బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతుంది. ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. ఇంతవరకు వ్యాయామం.

దాచేది ఆ తర్వాత. చక్రంలో ఏ వలయం తీసుకున్నా అది ఆరు ఆకుల్ని దాటుతుంది, కనుక ఆరక్షరాలు దొరుకుతాయి. శిశుపాలవధ పందొమ్మిదో సర్గ చివర మాఘుడు ఇలాంటి చక్రం తిప్పాడు. దాని మూడో వలయం చదివితే ‘ఇది మాఘకావ్యం’ అనే అర్థమిచ్చే ఆరక్షరాలు, ఆరో వలయం చదివితే ‘శిశుపాలవధ’ అనే ఆరక్షరాలు వస్తాయి. పద్యం వినేవాడికి యుద్ధవర్ణన వినబడుతుంది, కవి సంతకం మాత్రం వినబడదు.

చిత్రకవిత్వాన్ని ఆనందవర్ధనుడు పెద్దగా లెక్కచేయలేదు. మమ్మటుడు దాన్ని అధమ కావ్యం అన్నాడు. రసం సంగతి చూస్తే వాళ్లన్నది నిజమే కావచ్చు. అయితే తాటాకు కాలంలో పుస్తకం ఎలా బతికిందో ఆలోచిస్తే ఆ చక్రం వేరేలా కనిపిస్తుంది. అచ్చు లేదు, హక్కుల చట్టం లేదు. కావ్యం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి నకళ్లుగా పోవాలి. ఆశ్వాసం చివరి గద్యలో కవి పేరు ఉంటుంది కానీ, గంటం ఉన్న ఎవడైనా దాన్ని మార్చి తన పేరో, తన పోషకుడి పేరో ఎక్కించగలడు. చక్రబంధంలో అది చెల్లదు. వలయంలోని ప్రతి అక్షరమూ అదే సమయంలో ఏదో ఒక పాదంలోని అక్షరం కూడా. పేరు మారిస్తే పాదం విరుగుతుంది. ఈ రోజుల్లో ఫోటోల మీద, కరెన్సీ నోట్ల లోపల వేసే నీటిగుర్తు చేసే పని ఇదే.

ఇంకో లాభం కూడా ఉంది. చెదలు తిని ఇరుసులోని అక్షరం ఒక పాదంలో పోయినా మిగిలిన రెండు పాదాల్లో అది భద్రంగా ఉంటుంది. కొనల్లోని అక్షరం చెరిగిపోతే అంచు పాదం చూసి నింపుకోవచ్చు. లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం తప్పు రాస్తే బొమ్మ కుదరక తప్పు బయటపడుతుంది. ఫైళ్లు చెడకుండా పంపడానికి కంప్యూటర్లు వాడే సరిచూపు లెక్కల వెనక ఉన్న ఊహ కూడా ఇలాంటిదే: ఒకే సమాచారాన్ని రెండు దారుల్లో నడిపించి, కలిసే చోట పోల్చి చూడటం. కవులు ఇదంతా ముందే ఊహించి చేశారని వాదించడం అతిశయోక్తి అవుతుంది. విద్వత్తు ప్రదర్శించి సభను మెప్పించడమే వాళ్లకు ముఖ్యం. మేలు మాత్రం దానంతటదే జరిగింది.

తెలుగులో బంధాలకు తొలి పేరుగా నన్నెచోడుణ్ని చెబుతారు. ఆయన కుమారసంభవం శతాబ్దాల తరబడి ఎవరి కంటా పడలేదు. మానవల్లి రామకృష్ణకవి తంజావూరు తాళపత్రాల నుంచి తీసి 1909లో అచ్చువేసే దాకా అలాంటి కావ్యం ఒకటుందని లోకానికి తెలియదు. సంజ్ఞాలిపి గురించి చెప్పిన అర్థశాస్త్రాన్ని మైసూరులో శామశాస్త్రి అచ్చుకు తెచ్చింది కూడా ఆ ఏడాదే. దాచే విద్య తెలిసిన రెండు పుస్తకాలు ఒకే సంవత్సరం దాక్కున్న చోటు నుంచి బయటికొచ్చాయి. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువున విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రంలోనూ బంధాలకు చోటుంది. అందులో ప్రతి ఉదాహరణా రాజుగారి పొగడ్తే. తర్వాతి కాలంలో గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసంలో ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చాడు. బంధాలతో ఆగక గర్భకవిత్వం కూడా దట్టించాడు. ఒక వృత్తం కడుపులో ఇంకో పద్యం. పెద్ద పద్యంలో ఎంచుకున్న అక్షరాల వరకే చదివితే అది వేరే ఛందస్సులో వేరే పద్యం.

ఒకే పద్యంలో రెండు కథలు దాచే పనిని పింగళి సూరన రాఘవపాండవీయంలో చేశాడు. ఒకసారి చదివితే రామాయణం, ఇంకోసారి విరిచి చదివితే భారతం. పాలమూరు సీమలోని జటప్రోలు కొలువులో ఉన్న ఎలకూచి బాలసరస్వతి ఇంకా ముందుకెళ్లి కృష్ణుడి కథను కూడా అందులోకే దూర్చి రాఘవయాదవపాండవీయం అన్నాడు. చదివేవాడి సంగతి ఆయన అంతగా పట్టించుకున్నట్టు లేదు.

నల్లగొండ సీమకు సొంతమైన ఉదాహరణ మరింగంటి సింగరాచార్యుడు. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు కవి. ఆయన దశరథరాజనందన చరిత్ర నిరోష్ఠ్యకావ్యం. ప, ఫ, బ, భ, మ లాంటి పెదవులు కలిసే అక్షరాలు అందులో రాకూడదు. చిక్కు ఎక్కడో చూడండి: రాముడు, లక్ష్మణుడు, భరతుడు, హనుమంతుడు, ఈ నలుగురి పేర్లలోనూ పెదవులు కలుస్తాయి. కథానాయకుడి పేరే పలక్కుండా కథంతా నడపాలి. పుస్తకం పేరే ఒకసారి మెల్లగా చదివితే పెదవులు ఎక్కడా తగలవు. కావ్యం నిండా రాముడున్నాడు, రాముడి పేరు మాత్రం లేదు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ఇలాగే పెదాలు కలపకుండా కథ చెబుతాడు. ప్రియురాలు పెదవి కొరకడం వల్ల అని అక్కడ కారణం. సింగరాచార్యుడికి అలాంటి సాకు కూడా లేదు.

రాతి మీద రాసేవాళ్లది వేరే దారి. పిల్లలమర్రిలో ఎఱకేశ్వరాలయం కట్టించిన ఎఱకసానమ్మ పేరు గానీ, అక్కడి సామంతుడు రేచర్ల నామిరెడ్డి పేరు గానీ దాచి పెట్టింది కాదు. అందరూ చూడాలనే చెక్కించారు. శాసనపు భయం దొంగ చదువుతాడని కాదు, చెరిపేస్తాడని. అందుకే దానశాసనాల చివర శాపం ఉంటుంది. ఇచ్చిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. ఆ కాలపు తాళం అది.

కొలువుల్లో కాక సంతల్లో బతికిన గోపనం ఇంకా మొరటుది, ఇంకా పనికొచ్చేది. పశువుల సంతలో ఇద్దరు దళారులు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటే బేరం మొదలైనట్టు. తువ్వాల కింద ఎన్ని వేళ్లు పట్టుకున్నారు, ఎన్ని వదిలారు అన్నదే ధర. చుట్టూ యాభై మంది నిలబడినా ఎద్దు ఎంత పలికిందో ఇద్దరికే తెలుసు. ఇక బడి పిల్లల క-భాష సంగతి సరేసరి: కసూ కర్యా కపే కట. అది విన్నవాడు రెండు నిమిషాల్లో పట్టేస్తాడు, అయినా ఏ తరం పిల్లలూ దాన్ని వదల్లేదు.

ఇదంతా ప్రాణం మీదికి రాని గోపనం. 1940లలో సూర్యాపేట తాలూకాలో పరిస్థితి మారింది.

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందుగా అనుమతి కావాలి. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగిన చిలుకూరు కోదాడ పక్కనే. 1946 చివరికి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం వచ్చింది. కరివిరాల నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి, చందుపట్ల నుంచి దేవులపల్లి వెంకటేశ్వరరావు, ఇద్దరూ ఈ తాలూకా మనుషులే, అజ్ఞాతంలోకి వెళ్లారు. ఇక ఉత్తరం అనే మాట పోయి చీటీ అనే మాట వచ్చింది. మోసేవాళ్లు కొరియర్లు, దాక్కునే ఇల్లు డెన్, మనుషులకు మారుపేర్లు. మల్లు స్వరాజ్యం రాజక్క అయింది.

ఆ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో తెచ్చింది. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. వాటిలో కనిపించే డెన్ జీవితం అచ్చం గర్భకవిత్వమే. తెలియని ఊళ్లో అద్దె ఇల్లు, అందులో భార్యాభర్తల్లా కనిపించే ఇద్దరు, అమ్మలా కనిపించే ఒక పెద్దావిడ. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తే చాలు, బయటికి అది సంసారం. ఆ ముగ్గు వెనక గదిలో పార్టీ నడుస్తుంటుంది. చీటీని దాచడం చిన్న పని, మనిషిని దాచడం పెద్ద పని. ఆ పెద్ద పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. తమ పేరు, ఊరు, కొన్నిసార్లు పిల్లల్ని కూడా వదులుకుని వాళ్లు ఆ పని చేశారు. పోరాటం ముగిశాక ఆ చాకిరీకి దక్కిన గుర్తింపు ఎంతంటే, దాన్ని వెలికి తీయడానికి ఇంకో ముప్ఫై అయిదేళ్లు పట్టింది.

ఈ తాలూకాకు ఒక భౌగోళిక సౌలభ్యం కూడా ఉండేది. కోదాడకు ఇవతల ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, అది మాత్రం ఇంగ్లీషు వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లాకు చెందింది. నిజాం చట్టం చెల్లని తెలుగు నేల కాలినడక దూరంలో ఉండటం దాక్కోవలసినవాళ్లకు చిన్న విషయం కాదు.

చీటీ పట్టుబడినా ప్రమాదం లేకుండా ఎలా రాయాలి? ఇక్కడ ఒక ఊహాజాబు చూడండి. ఇది ఏ పోరాట కాగితంలోదీ కాదు, పద్ధతి చూపడానికి అల్లింది. ‘ముసురు పట్టింది. నల్ల కోడికి జబ్బు చేసింది. గానుగ ఆగింది. లగ్గం వాయిదా పడ్డది.’ పోలీసు అమీను చదివితే కోడి గోల. వాక్యాల మొదటి అక్షరాలు చదివితే మునగాల. 1983లో గస్టావస్ సిమన్స్ అనే అమెరికా గణితవేత్త ఈ చిక్కునే ఖైదీల సమస్యగా రాశాడు. ఇద్దరు ఖైదీలు, వాళ్ల ప్రతి ఉత్తరాన్నీ చదివి గానీ అందనివ్వని జైలరు. తాళం వేసిన ఉత్తరం జైలరు చింపేస్తాడు. కోడి జబ్బు ఉత్తరాన్ని పంపిస్తాడు.

అందరూ దాచలేదని కూడా చెప్పాలి. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్లకు ముందే మిరపకాయ టపా పంపి మరీ వచ్చాడు. నిజామాబాదు జైల్లో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీదే పద్యం రాశాడు.

ఇప్పుడు ఆ చక్రబంధం పని ఫోటో చేస్తోంది. కంప్యూటరు బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విలువలుంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఆ విలువలో చివరి బిట్టు మార్చితే 200 కాస్తా 201 అవుతుంది. ఏ కన్నూ పట్టలేదు. పిల్లలమర్రి గుడి బొమ్మ ఒకటి వెయ్యి చుక్కల వెడల్పు, వెయ్యి చుక్కల ఎత్తు ఉందనుకుందాం. మొత్తం 30 లక్షల విలువలు, అంటే 30 లక్షల బిట్లు, అంటే 3,75,000 బైట్లు. యూనికోడు UTF-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు చొప్పున 1,25,000 గుర్తులు ఆ స్తంభాల నీడల్లో పడతాయి. ఓ నవలిక పట్టేంత చోటు. కాకపోతే అదే బొమ్మను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది బరువు తగ్గించడం కోసం విలువలన్నీ మళ్లీ లెక్కగట్టి మార్చేస్తుంది. బొమ్మ చెక్కుచెదరదు, నవలిక ఆవిరైపోతుంది. నిద్రమత్తు లేఖకుడు ఇంకా బతికే ఉన్నాడు.

ఫోటో తనంతట తాను దాచుకునేవి వేరే ఉంటాయి. ఫోనులో ఆ ఏర్పాటు ఆపకపోతే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తీసిన ఫోటో ఫైలులో తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు కూడా ఎక్కుతాయి. జాతరలో తీస్తే పోయేదేమీ లేదు. ఇంటి గడపలో తీసిన పిల్లల ఫోటోకీ అదే జరుగుతుంది. కొన్ని రంగుల లేజరు ప్రింటర్లు ప్రతి కాగితం మీదా కంటికి ఆనని పసుపు చుక్కల్లో తమ సీరియల్ నంబరు ముద్రిస్తాయని 2005లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. మాఘుడు తన పేరు తానే దాచుకున్నాడు. ఇక్కడ మన గుర్తు మనకు చెప్పకుండా దాస్తున్నారు.

దాచామనుకుని దాచనివాళ్ల జాబితా ఇంకా పొడుగు. 2019 జనవరిలో పాల్ మానాఫోర్ట్ అనే రాజకీయ సలహాదారు తరఫు న్యాయవాదులు అమెరికా కోర్టుకు ఇచ్చిన కాగితంలో కొన్ని పంక్తుల మీద నల్ల పట్టీలు వేశారు. విలేకరులు ఆ పట్టీలను కాపీ చేసి వేరేచోట అతికించగానే కింది అక్షరాలన్నీ వచ్చేశాయి. డెమరేటస్ మైనం కింద చెక్క ఉన్నట్టే, నల్లరంగు కింద రాత అలాగే ఉంది. తేడా ఏమిటంటే డెమరేటస్‌కు అది కావాలి, ఈ వకీళ్లకు అక్కర్లేదు.

సూర్యాపేట, చివ్వెంల జిరాక్స్ సెంటర్లలో ఎక్కువగా నకలు తీసే కాగితాల్లో ఆధార్ ఒకటి. పన్నెండు అంకెల్లో మొదటి ఎనిమిదీ కప్పి చివరి నాలుగే చూపే ఆధార్ ప్రతిని సంబంధిత సంస్థ తన సైట్లోనే ఇస్తుంది. చాలామంది మాత్రం ఫోనులో ఫోటో తీసి, వేలితో నల్లగీత గీసి పంపుతారు. ఫోను హైలైటరు గీత పూర్తిగా కప్పదు. వెలుగు పెంచి చూస్తే అంకెలు మసకగా తేలుతాయి. జిరాక్స్ యంత్రం అద్దం మీద మూత వేసే ముందే ఎనిమిది అంకెల మీద ఒక కాగితం ముక్క పెట్టి నకలు తీయించుకోవచ్చు. పాత పెళ్లిపత్రిక కత్తిరిస్తే వచ్చిన ముక్క చాలు.